లిమిటెడ్ ఎడిషన్ సావరిన్లు: ఏ డిజైన్లకు అదనపు ధర పెట్టొచ్చు?

లెస్టర్_తెలుగు

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో ఉంటున్నాను. ఎలాగూ ఏటా కొంత బంగారం కొంటాం కదా, అదేదో సావరిన్ల రూపంలో, అంటే బ్రిటన్ బంగారు నాణేల రూపంలో, కొందామని మొదలుపెట్టాను. ఇక్కడ ఉండేవాళ్లకి ఒక సౌకర్యం ఉంది. సావరిన్ ఇప్పటికీ చట్టప్రకారం ఒక పౌండు నాణెమే. అందుకని అమ్మినప్పుడు వచ్చిన లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉండదు. బులియన్ సావరిన్లు, అంటే బంగారం విలువ కోసం కొనే మామూలు నాణేలు, కొనేటప్పుడు వ్యాట్ కూడా లేదు.

మామూలు బులియన్ నాణేలు కొంటుండగానే డిజైన్ల మీదకు మనసు పోయింది. బొమ్మ వైపు రాణి ముఖం ఎన్నిసార్లు మారింది, బొరుసు వైపు గుర్రం మీద డ్రాగన్‌ను చంపే సెయింట్ జార్జ్ ఏ ఏడాది మాయమై ఏ ఏడాది తిరిగొచ్చాడు, ఇవి చూస్తూ కూర్చుంటే టైమే తెలియడం లేదు. ఇప్పుడు డిజైన్ మారిన ఏళ్ల నాణేలు మాత్రమే ఒక వరసగా పోగుచేద్దామని ఉంది. కానీ లిమిటెడ్ ఎడిషన్ పేరుతో వచ్చే ప్రూఫ్ నాణేలకు (సేకర్తల కోసం అద్దంలా మెరిసేలా ప్రత్యేకంగా వేసేవి) బంగారం ధర మీద చాలా ఎక్కువ అడుగుతున్నారు. ఏవి నిజంగా తీసుకోదగ్గవి? ఏవి వదిలేయొచ్చు? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాతనాణెం

మంచి ఆలోచన తమ్ముడూ. తేదీల వెంట, అంటే ప్రతి ఏడాది నాణెం వెంట, పడితే అంతు ఉండదు. డిజైన్ల వెంట పడితే చిన్న సేకరణే అయినా దానికొక కథ ఉంటుంది.

ముందు మూలం తెలుసుకోండి. ఇప్పుడు మనం సావరిన్ అంటున్న నాణెం 1817లో మొదలైంది. బరువు 7.988 గ్రాములు, 22 క్యారెట్లు, వ్యాసం 22.05 మిల్లీమీటర్లు. ఆ కొలతలు నేటికీ మారలేదు. బొరుసు మీది సెయింట్ జార్జ్‌ని చెక్కింది బెనెడెట్టో పిస్ట్రుచ్చి అనే ఇటలీ శిల్పి. మొదటి నాణేల్లో ఆ బొమ్మ చుట్టూ గార్టర్ అనే బెల్టు లాంటి పట్టీ ఉంటుంది, జార్జ్ చేతిలో విరిగిన బల్లెం ఉంటుంది. 1821 నుంచి పట్టీ తీసేశారు, బల్లెం బదులు పొట్టి కత్తి ఇచ్చారు. ఇప్పటి నాణేల్లో మనం చూసేది ఆ కత్తి పట్టిన జార్జ్‌నే.

ఎలిజబెత్ రాణి కాలంలో డిజైన్ మారిన ఏళ్లు ఇవి.

1989. నా దృష్టిలో అన్నిటికంటే అందమైనది. మొట్టమొదటి సావరిన్‌ను ఏడవ హెన్రీ 1489లో వేయించాడు. అందులో రాజు సింహాసనం మీద ఎదురుగా కూర్చుని ఉంటాడు. దానికి 500 ఏళ్లు నిండిన సందర్భంగా బెర్నార్డ్ సిండాల్ అదే పద్ధతిలో రాణిని సింహాసనం మీద కూర్చోబెట్టాడు. వెనుకవైపు ట్యూడర్ గులాబీ, దాని మీద రాజచిహ్నం ఉన్న డాలు. సావరిన్ మీద రాణి పక్కచూపుతో కాకుండా ఎదురుగా కనిపించేది ఇందులోనే. ఆ ఏడాది ప్రూఫ్ తప్ప మామూలు నాణెం వేయలేదు కాబట్టి చౌకగా దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు.

2002. రాణి పాలన స్వర్ణోత్సవం. టిమోతీ నోడ్ గీసిన డాలు. 19వ శతాబ్దంలో జాన్ బాప్టిస్ట్ మెర్లెన్ చేసిన డాలును గుర్తుచేస్తుంది.

2005. మళ్లీ నోడ్. ఈసారి సెయింట్ జార్జ్‌నే కొత్తగా గీశాడు.

2012. వజ్రోత్సవం. పాల్ డే గీసిన జార్జ్.

2017. సావరిన్‌కు 200 ఏళ్లు. ప్రూఫ్ నాణేల మీద 1817 నాటి గార్టర్ పట్టీ తిరిగొచ్చింది. మామూలు బులియన్ నాణెం మీద ఎప్పటి జార్జే, 200 అన్న చిన్న గుర్తు మాత్రం అదనం.

2022. రాణి పాలనకు 70 ఏళ్లు, ప్లాటినం ఉత్సవం. నోడ్ గీసిన రాజచిహ్నం.

ఈ వరసలో 2002, 2005, 2012, 2022 సంవత్సరాలవి మామూలు బులియన్ నాణేలుగానూ వచ్చాయి. ప్రూఫే కొనాలన్న పట్టుదల లేకపోతే ఈ నాలుగూ బంగారం ధరకు కొంచెం పైన దొరుకుతాయి. డబ్బు మిగుల్చుకుని 1989కి, 2017 ప్రూఫ్‌కి పెట్టండి. నా సలహా ఇదే.

ఓరుగల్లు_బంగారం

చదవడానికి బాగుంది కానీ నేను ఒప్పుకోను. ఏ బొమ్మ ఉన్నా అందులో స్వచ్ఛమైన బంగారం 7.32 గ్రాములే. రేపు అవసరం పడి అమ్మితే షాపువాడు గీటురాయి మీద గీసి, తూచి, లెక్క కడతాడు. సింహాసనం మీద ఎవరు కూర్చున్నారని చూడడు. మా వైపు తులాల్లో కొంటాం, తులాల్లో అమ్ముతాం. నగలకైతే తరుగు, మజూరీ పోయినా ఒంటి మీద వేసుకుంటాం. డబ్బాలో పెట్టి దాచుకునే నాణేనికి అంత ఎక్స్‌ట్రా ఎందుకు?

పాతనాణెం

ఓరుగల్లు గారూ, మీ మాటలో నిజం ఉంది. నాణెం తీసుకుని బంగారం షాపుకి వెళ్తే జరిగేది మీరు చెప్పినదే. అందుకే ప్రూఫ్‌ని, అరుదైన నాణేన్ని బంగారం షాపులో అమ్మకూడదు. వేలంలో అమ్మాలి, లేదా ఇంకో సేకర్తకు అమ్మాలి. ఆ దారి తెలియనివాళ్లు, ఆ ఓపిక లేనివాళ్లు బులియన్ నాణేలతోనే ఆగిపోవడం మేలు.

పెట్టుబడికి కొనేవాడికి డిజైన్ అక్కర్లేదు, ఒప్పుకుంటాను. అయితే తమ్ముడు అడిగింది సేకరణ గురించి. అదనంగా పెట్టే డబ్బు ఆనందానికి పెట్టేదని తెలిసి పెడితే ఇబ్బంది లేదు. ఆ డబ్బంతా లాభంతో తిరిగొస్తుందని నమ్మి పెడితేనే బాధ.

రాజముద్ర

లిమిటెడ్ ఎడిషన్ అన్న మాట గురించి గట్టిగా చెప్పాలని ఉంది. తక్కువ వేయడం వేరు, అరుదు కావడం వేరు.

1819 సావరిన్‌ని చూడండి. వేసిందే 3,574. అవి సంతలో చేతులు మారాయి, కరిగిపోయాయి, పోయాయి. మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అది అరుదు. ఇప్పటి లిమిటెడ్ ఎడిషన్ నాణెం టంకశాలలోనే పెట్టెలో, సర్టిఫికెట్‌తో పుడుతుంది. వేసిన ప్రతి నాణెమూ మెరుస్తూ ఎవరి బీరువాలోనో ఉంటుంది. వేసింది వెయ్యి అయితే వందేళ్ల తర్వాత కూడా దాదాపు వెయ్యీ ఉంటాయి. దాన్ని కోరేవాళ్లు వెయ్యి మంది కంటే ఎక్కువ ఉంటేనే ధర నిలుస్తుంది.

ఈ మధ్య అసలు బొమ్మ మార్చకుండా చిన్న గుర్తు చేర్చి కొత్త ఎడిషన్ అంటున్నారు. 2018 ప్రూఫ్ మీద పట్టాభిషేకానికి 65 ఏళ్లని 65 అంకె. 2020 ప్రూఫ్ మీద మూడవ జార్జ్ రాజముద్ర. 2021లో రాణికి 95 ఏళ్లని కిరీటంతో 95. ఇవి కాక ఫలానా రోజునే ముద్రించామంటూ మెరుపు లేని మ్యాట్ ఫినిష్‌తో మరికొన్ని. వాటిలో 2020 జనవరి 31 నాటిది, బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వచ్చిన రోజుది, నాకు నచ్చింది. చరిత్రలో ఒక తేదీకి అతుక్కుని పుట్టిన నాణెం అది. మిగతా గుర్తుల్లో చాలావాటికి నేను ఒక్క పౌండు కూడా అదనంగా పెట్టను. చెక్కినవాడి చేయి మారితే అది డిజైన్. అంకె చేరిస్తే అది గుర్తు మాత్రమే.

లెస్టర్_తెలుగు

ఈ తేడా నాకు ఇప్పుడు బాగా అర్థమైంది రాజముద్ర అన్నా. మరి బొమ్మ వైపు మార్పుల సంగతి? 2015లో రెండు ముఖాలు ఉన్నాయంటారు కదా.

రాజముద్ర

అవును. ఆ ఏడాది మొదట ఇయాన్ ర్యాంక్-బ్రాడ్లీ చేసిన, రాణి నాలుగో ముఖంతో వచ్చాయి, తర్వాత జోడీ క్లార్క్ చేసిన ఐదో ముఖంతో వచ్చాయి. ఒకే తేదీ, ఇద్దరు శిల్పులు. ఆ వెంటనే 2016 ప్రూఫ్ మీద జేమ్స్ బట్లర్ చేసిన ముఖం ఒక్క ఏడాదికే వచ్చింది, రాణి 90వ పుట్టినరోజుకి. ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుని చూడండి, ఒకే మనిషిని ముగ్గురు ఎంత వేరుగా చూశారో తెలుస్తుంది.

2022 ఇంకా విశేషం. పైన చెప్పిన నోడ్ నాణెం రాణిది. ఆమె పోయాక అదే ఏడాది తేదీతో చార్లెస్ ముఖం ఉన్న స్మారక సావరిన్ వచ్చింది. ముఖం మార్టిన్ జెన్నింగ్స్ చేశాడు, వెనుక రాజచిహ్నం జోడీ క్లార్క్ గీశాడు. ఒకే ఏడాది తల్లీ కొడుకూ ఇద్దరూ. 2023 పట్టాభిషేకం నాణెం మీద చార్లెస్ కిరీటంతో ఉంటాడు. 2022 స్మారక నాణెం మీద కిరీటం లేదు. ఈ రెండూ తీసుకుంటే కొత్త రాజు అధ్యాయం మొదలైనట్టే.

ముఖం ఎటు తిరిగి ఉందో కూడా గమనించండి. ఒక రాజు కుడికి చూస్తే తర్వాతివాడు ఎడమకి చూడాలన్నది ఆచారం. ఎనిమిదో ఎడ్వర్డ్ తన ఎడమ పక్క ముఖమే బాగుంటుందని పట్టుబట్టి దాన్ని కాదన్నాడు. అతను గద్దె దిగిపోవడంతో ఆ నాణేలు చలామణీలోకే రాలేదు. నమూనాగా చేసిన కొద్ది నాణేల్లో ఒక సావరిన్ 2020 జనవరిలో పది లక్షల పౌండ్లకు అమ్ముడైంది.

గోదారి_కాసు

అందరికీ నమస్కారమండీ. ఈ చర్చ చదివి మా ఇంట్లో విషయం అడుగుతున్నాను. మా అమ్మమ్మ గారి గొలుసుకి ఒక నాణెం ఉంది. కాసే అనుకుంటూ వచ్చాం. ఇప్పుడు భూతద్దం పెట్టి చూస్తే ఒకవైపు రాజు తల, రెండో వైపు గుర్రం మీద మనిషి, కింద 1918. తేదీకి పైన, నేల గీత మీద చిన్న ఇంగ్లిష్ ఐ అక్షరం. పైన కొక్కెం టంకం పెట్టి ఉంది. షాపులో అడిగితే కరిగించి ఉంగరాలు చేసుకోండి, కొక్కెం తీసి తూస్తే దాదాపు కాసు బరువే వస్తుంది అన్నారు. ఏం చేయమంటారు?

పాతనాణెం

అమ్మా, దయచేసి కరిగించకండి! అది బొంబాయిలో వేసిన సావరిన్. ఐ అంటే ఇండియా.

మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో జర్మన్ జలాంతర్గాముల భయంతో బంగారాన్ని ఓడల్లో లండన్‌కు పంపి, నాణేలు చేయించి వెనక్కి తెప్పించడం కష్టమైంది. అందుకని బొంబాయి టంకశాల ఆవరణలోనే లండన్ రాయల్ మింట్ శాఖ పెట్టారు. సావరిన్ అచ్చులు రావడం ఆలస్యమైతే ముందుగా అదే బరువుతో 15 రూపాయల బంగారు మొహర్లు వేశారు. తర్వాత సావరిన్లు. 1919లో శాఖ మూసేశారు. అందుకని పాత భారతీయ సావరిన్ మీద 1918 తప్ప ఇంకో తేదీ ఉండదు. వేసినవి సుమారు 13 లక్షలు. మరీ అరుదని చెప్పను కానీ, మన దేశంలో వేసిన సావరిన్ అన్న గౌరవం దానికి ఉంది. టంకశాల గుర్తుల వరస పూర్తిచేయాలనుకునే ప్రతి సేకర్తకీ అది కావాలి.

షాపువాళ్లు కాసు బరువన్నది సరైన మాటే. మీ వైపు కాసంటే 8 గ్రాములు, ఇది 7.988. తేడా గ్రాములో సుమారు వందో వంతు.

కొక్కెం విషయం సున్నితం. టంకం పెట్టిన నాణెం సేకర్తల దగ్గర ధర తగ్గుతుంది, అది ఎలాగూ జరిగిపోయింది. ఇప్పుడు దాన్ని పీకించి, ఆకురాయితో రుద్ది, మెరుగు పెట్టిస్తే ఇంకా తగ్గుతుంది. ఉన్నది ఉన్నట్టు ఉంచండి. ఇంకో ముఖ్యమైన సంగతి. నగలు కడిగినట్టు కుంకుడు రసంలో వేసి బ్రష్షుతో తోమొద్దు. సన్నటి గీతలు పడితే మళ్లీ పోవు. అంచులు పట్టుకోండి, ముఖం మీద వేలు పెట్టొద్దు.

గోదారి_కాసు

చాలా థ్యాంక్స్ అండీ. కరిగించం. అమ్మమ్మ ఉన్నన్ని రోజులూ మెడలోంచి తీయలేదు దాన్ని. అలాగే ఉంచుతాం.

బందరు_సేకర్త

ఐ గుర్తు సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. 2013లో ఢిల్లీ దగ్గర బంగారం శుద్ధి కంపెనీ ఎంఎంటీసీ-పాంప్ వాళ్లు రాయల్ మింట్ అనుమతితో మళ్లీ ఐ గుర్తుతో సావరిన్లు వేయడం మొదలుపెట్టారు. 1918 కొనే స్తోమత లేనివాళ్లు వీటితో మొదలుపెట్టొచ్చు. 3 శాతం జీఎస్‌టీ పడుతుంది.

ఇక మిగతా టంకశాలల గుర్తులు: ఎస్ సిడ్నీ, ఎం మెల్‌బోర్న్, పి పెర్త్, సి కెనడాలోని ఒటావా, ఎస్‌ఏ దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా. ఏ అక్షరమూ లేకపోతే లండన్. జార్జ్ బొమ్మ ఉన్న నాణేల్లో సాధారణంగా తేదీ పైన నేల మీద చూడాలి. విక్టోరియా డాలు నాణేల్లో డాలు కింద. ఆమె యవ్వన ముఖం ఉన్న జార్జ్ నాణేల్లో అక్షరం బొమ్మ వైపు, మెడ కింద ఉంటుంది. చాలామంది గుర్రం కింద వెతికి లేదనుకుని లండన్ నాణెమని అమ్మేస్తుంటారు.

విక్టోరియా నాణేల్లో తేడాలు ఒక సముద్రం. 1863 నుంచి 1874 వరకు లండన్ డాలు నాణేల మీద ఏ అచ్చుతో వేశారో తెలిపే నంబరు కూడా వేశారు. మెల్‌బోర్న్, సిడ్నీ జార్జ్ నాణేల్లో గుర్రానికి పొడవు తోక, పొట్టి తోక అని రెండు రకాలు. పిస్ట్రుచ్చి పొడి అక్షరాలు ఒకచోట పెద్దవి, ఒకచోట చిన్నవి, కొన్నిట్లో అసలు ఉండవు.

పాతనాణెం

తేడాల మాట వస్తే ఆన్సెల్ సావరిన్ గురించి చెప్పకుండా ఉండలేను. 1859లో టంకశాలకు వచ్చిన ఒక బంగారం పెళుసుగా ఉండి, సుత్తి దెబ్బకే విరిగిపోతోంది. ఆర్సెనిక్, యాంటిమొనీ, సీసం కలిసి ఉండటమే కారణం. దాన్ని శుద్ధికి వెనక్కి పంపబోతుంటే, అక్కడే పనిచేసే జార్జ్ ఆన్సెల్ తాను దానితోనే నాణేలు చేసి చూపిస్తానన్నాడు. చేశాడు, 1,67,539 నాణేలు. వాటిని గుర్తుపట్టడానికి విక్టోరియా రాణి జుట్టుకి కట్టిన రిబ్బన్ మీద ఒక గీత అదనంగా పెట్టారు. ఒక్క గీత! లిమిటెడ్ ఎడిషన్ అని ఎవరూ ప్రకటించలేదు, పెట్టె లేదు, సర్టిఫికెట్ లేదు. ఇప్పుడు మంచి స్థితిలో ఒకటి దొరకడం ఎంత కష్టమో వేలాల్లో చూసినవాళ్లకు తెలుసు. నాకు ఇప్పటికీ దొరకలేదు, వెతుకుతూనే ఉన్నాను.

ఓరుగల్లు_బంగారం

ఆన్సెల్ కథ చదివాక మీ అందరి ఇష్టం ఏమిటో కొంత అర్థమైంది. నేను బరువు చూసే మనిషినే, అందులో మార్పు లేదు. కానీ నకిలీల టెన్షన్ సంగతి చెప్పండి. అసలు బంగారంతోనే నకిలీ సావరిన్లు చేస్తారని విన్నాను. నిజమేనా?

రాజముద్ర

నిజమే. పాత రోజుల్లో మధ్యప్రాచ్యంలో, ఇటలీలో బంగారంతోనే చేసినవి చాలా ఉన్నాయి. అప్పట్లో బంగారం ధర కంటే సావరిన్‌కు ఎక్కువ పలికేది, ఆ తేడా కోసం చేశారు. అందుకని గీటురాయి, క్యారెట్ మీటర్ సరిపోవు. అవి బంగారాన్ని చూపిస్తాయి తప్ప నాణేన్ని చూపించవు.

ముందు తూకం, వ్యాసం, మందం చూడండి. మందం 1.52 మిల్లీమీటర్లు. మూడూ ఒకేసారి సరిపోయేలా తక్కువ రకం లోహంతో చేయడం కష్టం, ఎందుకంటే బంగారం బరువు వేరే లోహానికి అంత తేలిగ్గా రాదు. తర్వాత అంచు గీతలు సమానంగా ఉన్నాయా, అక్షరాల మొదళ్లు పదునుగా ఉన్నాయా, సబ్బులా జారుడుగా ఉన్నాయా చూడాలి. తెలిసిన అసలు నాణెం పక్కన పెట్టి చూడటాన్ని మించింది లేదు. అయితే తేడా కనిపించిన ప్రతిదీ నకిలీ కాదు. ఉదాహరణకు 1957 నాణెం అంచు గీతలు తర్వాతి ఏళ్ల కంటే సన్నగా, దగ్గరగా ఉంటాయి. అది అసలు లక్షణమే.

1917 లండన్ తేదీ ఉన్నది ఎవరైనా చూపిస్తే మరీ జాగ్రత్త. అసలువి అరుదు, నకిలీలు బోలెడు. అలాంటివి పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి సంస్థలు పరీక్షించి పెట్టెలో సీల్ చేసినవైతేనే తీసుకోండి.

ఇంకోటి, తేదీని గుడ్డిగా నమ్మొద్దు. 1925 తేదీతో లండన్ టంకశాలే 1949 నుంచి 1952 వరకు మళ్లీ వేసింది. అవి నకిలీలు కావు, కానీ ఆ ఏడాదివీ కావు.

లెస్టర్_తెలుగు

ఎంత నేర్పారో చెప్పలేను. సంక్రాంతికి ఇంటికి వచ్చేటప్పుడు నాన్నకి చూపించడానికి ఐదారు తేవాలనుకుంటున్నా. ఇబ్బంది ఉంటుందా?

బందరు_సేకర్త

ఉంటుంది బాబూ. విదేశం నుంచి వచ్చేవాళ్లకు సుంకం లేకుండా అనుమతించేది నగలకే, నాణేలకు అది వర్తించదు. తెస్తే విమానాశ్రయంలో కస్టమ్స్ రెడ్ ఛానల్‌లో చెప్పి సుంకం కట్టాల్సిందే. చూపించడానికే అయితే మంచి ఫోటోలు తీసి తీసుకురండి, నాణేలు అక్కడే లాకర్‌లో ఉంచండి.

ఇటు నుంచి అటు పట్టుకెళ్లాలనుకునేవాళ్లకు ఇంకో చట్టం ఉంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు కిందకి వస్తుంది. దాన్ని దేశం దాటించడం నేరం. గోదారి_కాసు గారి 1918 నాణేనికి వందేళ్లు దాటాయి. విదేశాల్లో ఉన్న పిల్లలకు ఇచ్చి పంపాలనుకుంటే ఈ సంగతి మరిచిపోవద్దు.

గోదారి_కాసు

మా చెల్లి డాలస్‌లో ఉంటుంది, ఈ గొలుసు తనకే ఇవ్వాలని అనుకుంటున్నాం. మంచి సమయానికి చెప్పారండీ. ఇక్కడే ఉంచుతాం.

లెస్టర్_తెలుగు

సరే, నా వరస ఇలా పెట్టుకుంటున్నాను. ముందు బులియన్‌లో 2002, 2005, 2012, 2022. తర్వాత 2015 రెండు ముఖాలూ. చార్లెస్‌వి 2022 స్మారకం, 2023 కిరీటం. డబ్బు కూడిన తర్వాత 2017 ప్రూఫ్, చివరికి 1989. అంకెలు చేర్చినవాటి జోలికి పోను. 2009ని కూడా చేర్చాలా? ఆ ఏడాది బొరుసు మళ్లీ చెక్కారని ఎక్కడో చదివాను.

పాతనాణెం

చేర్చు. మూడవ జార్జ్ కాలం నాటి పాత పనిముట్లను ఆధారం చేసుకుని పిస్ట్రుచ్చి పనితనానికి దగ్గరగా తేవాలని 2009లో మళ్లీ చెక్కారు. 2008 నాణెం ఒకటి పక్కన పెట్టి, జార్జ్ దుస్తుల మడతలు, గుర్రం కండలు చూడు. బులియన్ ధరకే దొరుకుతుంది. 1989 మాత్రం తొందరపడి మొదట కనిపించినది కొనొద్దు. పెట్టె, సర్టిఫికెట్ ఉన్నాయా, అద్దంలా ఉండే భాగం మీద వేలిముద్ర మరకలున్నాయా చూసుకుని తీసుకో. దొరికాక ఇక్కడ ఫోటో పెట్టు.